తేలు చల్లారేదాకా

కనెల్లి,
4 ఫిబ్రవరి 1996

లివియో,

మొన్న లైను తెగలేదు, ఫోన్ నేనే పెట్టేశాను. నాన్నను పూడ్చిపెట్టి వారం తిరక్కుండా నువ్వు ఫోన్ చేసి అడిగిన మొదటి మాట, "అక్కా, కారెలా ఉంది?" అని. అక్క ఎలా ఉందో అడగాలని నీకు తోచలేదు. అందుకే ఇకమీదట ఏమున్నా ఉత్తరాల్లోనే. ఫోన్‌లో నేను అరుస్తాను, నువ్వు వినవు. కాగితమైతే చివరిదాకా చదవక తప్పదు.

కారు నిక్షేపంలా ఉంది. వాకిట్లో టార్పాలిన్ కప్పుకుని, ముక్కు మీద ఆ తేలు బొమ్మ పెట్టుకుని, ఇంటికి పెద్దకొడుకు తనే అన్నట్టు కూర్చుంది. దాన్ని అమ్మేస్తున్నాను. పళ్ళ డాక్టరు గార్బెరో పాత అబార్త్ కార్లు సేకరిస్తాడు. నాన్న బతికుండగానే రెండుసార్లు అడిగి కాదనిపించుకున్నాడు. నిన్న మా మందుల షాపుకొచ్చి, దగ్గు మాత్రలు కొంటున్నట్టు నటిస్తూ మళ్ళీ అడిగాడు. అమ్మగా వచ్చినదాంట్లో నీ వాటా నీకు పంపిస్తాను.

అది కొన్న రోజు నీకు సరిగా గుర్తుండదు, పదేళ్ళవాడివి. అమ్మ నాలుగు తలుపుల బండి అడిగింది. అమ్మమ్మను కూర్చోబెట్టుకుని చర్చికి వెళ్ళాలని ఆవిడ ఆశ. నాన్న సరేనని ఆస్తి పట్నం వెళ్ళి, సాయంత్రానికి ఈ తేలు బండిని తోలుకొచ్చాడు. రెండు తలుపులు, మూడోది డిక్కీ తలుపు. వెనక సీట్లోకి దూరాలంటే ముందు సీటు మడిచి పాకాలి. అమ్మమ్మ ఒక్కసారే ఎక్కింది, దింపడానికి ముగ్గురం పట్టాం. "ఇక నన్ను శవపేటికలోనే ఎక్కించండర్రా, అది దీనికంటే విశాలంగా ఉంటుంది" అంది. అమ్మ నవ్వలేదు.

ఆ తరవాత మన ఇంట్లో ప్రతి సాయంత్రమూ ఒకటే. దాని మోత కొండమలుపు దగ్గరే వినపడేది, అమ్మ మరిగే నీళ్ళలో ఉప్పు వేసేది. వాకిట్లోకి రాగానే పాస్తా వేసేది. నాన్న మాత్రం దిగేవాడు కాదు. ఇంజిన్ ఆపకుండా, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, ఇంట్లోకి రావడం శిక్ష అన్నట్టు కూర్చునేవాడు. పైకొచ్చేసరికి పాస్తా గంజైపోయేది. "ఆయన వచ్చాకే వెయ్యొచ్చుగా" అని నేనంటే, "మొగుడు గుమ్మంలోకొచ్చి కాచుకు కూర్చోవాలా? అదేం కాపురమే?" అనేది. ఆయన ఆ గంజి మాట్లాడకుండా తినేవాడు.

అలాంటి బండి కోసం నువ్వు ఫోన్ చేశావు.

విల్మా


అంకోనా,
15 ఫిబ్రవరి

అక్కా,

నువ్వెలా ఉన్నావు? ఇదిగో, మొదటి మాటే రాశాను, పటం కట్టించి గోడకు తగిలించుకో.

తప్పు నాదే. నాకు ఏడుపొచ్చినప్పుడు ఇంజిన్ల గురించి మాట్లాడతాను, నీకు తెలుసు. ఓడల ఇంజిన్ల మధ్య ఇన్నేళ్ళుండి నోరు కూడా అలాగే తయారైంది. టిజియానా కూడా పెళ్ళయినప్పట్నుంచీ అంటూ ఉంటుంది, "నాకు జ్వరమొస్తే ముందు ఆయిల్ చూస్తావు" అని.

అమ్మొద్దక్కా. నేను తీసుకెళ్తాను. ఇక్కడ మాది నాలుగో అంతస్తు, కింద గ్యారేజీ లేదు, సముద్రం పక్కన వీధిలో పెడితే ఉప్పుగాలికి ఏడాదిలో తినేస్తుంది. ఈస్టర్‌లోపు ఎక్కడో ఒకచోట షెడ్డు చూస్తాను. అప్పటిదాకా నువ్వు దాన్ని బతికించాలి.

హ్యాండ్ బ్రేకు లాగి వదిలెయ్యకు, పట్టేస్తుంది. గేర్లో పెట్టి చక్రం కింద ఇటుక పెట్టు. వారానికోసారి స్టార్ట్ చెయ్యి. చోక్ లాగు, యాక్సిలరేటరు రెండుసార్లు తొక్కి వదులు, కార్బురేటర్‌లోకి పెట్రోలు దిగుతుంది, అప్పుడు తాళం తిప్పు. మొదట దగ్గుతుంది, నాన్నలాగే, కంగారుపడకు. ఆయిల్ వేడెక్కినట్టు మీటరు ముల్లు లేచేదాకా గట్టిగా తొక్కకూడదు. ముందు సీటు కింద కార్పెట్ ఎత్తి చూడు, తడి ఉంటే తుప్పు మొదలైనట్టే.

ఒక పని చెయ్యి. అమ్మాలనిపించినప్పుడల్లా ఒకసారి లోపల కూర్చో. ఆ సీట్లో ఇప్పటికీ నాన్న కోటు వాసన, బిరడాల వాసన ఉంటుంది. ఆయన జీవితమంతా కొండల మీద ద్రాక్షసారా నేలమాళిగలు తిరిగి సీసాలకు బిరడాలమ్మాడు. ఆ మనిషికున్న ఒకే ఒక్క సరదా అది. ఆ ఒక్కటీ ఎందుకంత కానిదైపోయింది నీకు?

నీ తమ్ముడు,
లివియో


కనెల్లి,
27 ఫిబ్రవరి

లివియో,

ఎందుకు కానిదైందో అడిగావు. చెప్తాను. ఆరేళ్ళుగా చెప్పకూడదనుకున్నాను.

అమ్మ పోయినప్పుడు నువ్వు ఉదీనేలో సైన్యంలో ఉన్నావు. "గుండె ఆగింది, బాధపడలేదు" అని నీకు చెప్పాం. అది సగమే నిజం.

ఆ సాయంత్రం ఇంట్లో నేనొక్కదాన్నే. అంబులెన్సు ఆస్తి పట్నం నుంచి రావాలి. అమ్మ నా చెయ్యి పట్టుకుని పడుకుంది. మలుపు దగ్గర ఆ మోత వినగానే కళ్ళు తెరిచింది. "వచ్చారు. నీళ్ళు పెట్టావా?" అంది. పెట్టానన్నాను, పెట్టలేదు. కారు వాకిట్లోకి వచ్చింది. ఇంజిన్ ఆగలేదు. కిటికీ అద్దాలు అదురుతున్నాయి. బాల్కనీలోకి పరిగెత్తి పిలుద్దామంటే అమ్మ నా చెయ్యి వదల్లేదు. "ఆపారా?" అంది. "ఆపుతున్నారమ్మా" అన్నాను. కాసేపాగి మళ్ళీ "ఆపారా?" అంది. ఆ తరవాత అడగలేదు.

అప్పుడాగింది ఇంజిన్. మెట్ల మీద బూట్ల చప్పుడైంది. తలుపు తీసి, "చీకట్లో కూర్చున్నారేం?" అన్నాడు.

నేనాయన మీద అరవలేదు. అన్నం పెట్టాను, బట్టలుతికాను, చివరికి నోట్లో మందులు కూడా పోశాను. కానీ ఒక్కటి మాత్రం అడగలేకపోయాను, పైన పెళ్ళాం పోతుంటే కింద ఏం చేస్తున్నావని. ఆయనకు తెలియదు, నిజమే. తెలియకపోతే మాత్రం? మనిషన్నవాడు ఇంటికొచ్చాక ఇంట్లోకి రాడా? మన ముగ్గురిలో ఎవరి మొహం చూడలేక కూర్చున్నాడో నాకు ఇంతవరకూ అంతుబట్టలేదు. అమ్మదా, నీదా, నాదా?

జీటా పిన్నికి ఇది తెలుసు. అందుకే ఆరేళ్ళుగా నాన్నతో మాట్లాడలేదు. మొన్న పూడ్చిన రోజు కూడా చర్చి బయటే నిలబడింది, నువ్వు చూసే ఉంటావు.

వచ్చేనెలాఖరుకి గార్బెరో వస్తానన్నాడు. నీ ఇటుక మాత్రం పెట్టాను.

విల్మా


అంకోనా,
8 మార్చి

అక్కా,

నీ ఉత్తరం ఓడ ఇంజిన్ గదిలో చదివాను. అక్కడ అందరి కళ్ళూ ఎర్రగానే ఉంటాయి కాబట్టి ఎవరూ అడగలేదు.

అక్కా, ఇన్నేళ్ళూ ఇది నీకెవరూ చెప్పలేదా? నాన్న కూర్చున్నది మన మొహాలు చూడలేక కాదు. ఇంజిన్ కోసం. పందెం రకం ఇంజిన్లకు టర్బో అని ఒకటుంటుంది. కొండలెక్కి దిగి వచ్చేసరికి అది ఎర్రగా కాలిపోతూ ఉంటుంది. వచ్చీ రాగానే తాళం తిప్పి ఆపేస్తే దాంట్లో ఆయిల్ అక్కడికక్కడే మాడి బొగ్గైపోతుంది, ఇంజిన్ చేతికి రాదు. అందుకని కాసేపు నిదానంగా తిరగనిచ్చి, చల్లారాక ఆపాలి. తెలిసినవాళ్ళందరూ అలాగే చేస్తారు. గుర్రం పరిగెత్తి వచ్చాక నడిపించి కట్టేసినట్టు.

నేను చాలాసార్లు ఆయన పక్కనే కూర్చున్నాను. వేళ్ళతో స్టీరింగు మీద కొట్టుకుంటూ, "ఇంకాస్త, ఇంకాస్త, పైన మీ అమ్మ పాస్తా వేసేసి ఉంటుందిరా" అని ఒకటే తొందర. ఆ పాస్తా ఎందుకు మాట్లాడకుండా తినేవాడు? తప్పు తనదని తెలుసు గనక. ఆ రోజూ అంతే. పైన ఏం జరుగుతోందో తెలిసుంటే ఇంజిన్ మాడిపోతే పోనీ అని మెట్లెక్కి పరిగెత్తేవాడు.

నీకు చెప్పకపోవడం ఆయన తప్పే. మగవాళ్ళం, ఇలాంటివి అందరికీ తెలుసనుకుంటాం.

గార్బెరోని రావద్దని చెప్పు.

లివియో


కనెల్లి,
25 మార్చి

లివియో బాబూ,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. టర్బో అనే మాట నాకు తెలుసు, మా వాక్యూమ్ క్లీనరు మీద కూడా ఉంది. కానీ అదేదో అమ్మకానికి రాసుకునే మాటనుకున్నాను.

ముప్ఫై నాలుగేళ్ళు వచ్చాయి, ఆయన పక్కనే బతికాను, ఒక్కరోజు కిందికి దిగి "ఏం చేస్తున్నావు నాన్నా?" అని అడిగుంటే సరిపోయేది. అడగలేదు. బాల్కనీలోంచి చూసి నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను.

నీ ఉత్తరం పట్టుకుని జీటా పిన్ని దగ్గరికెళ్ళాను. ఆవిడ కళ్ళజోడు వెతుక్కుని తనే చదివింది. "ఇంజిన్ కోసమా? ఒట్టి ఇంజిన్ కోసమా?" అంది. తరవాత మేజోళ్ళు ఆరేసిన తీగమీంచి తువ్వాలు లాగి మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆదివారం ఇద్దరం శ్మశానానికెళ్ళాం. పిన్ని పూలు పెట్టి, "బావా, నీ పలకరింపు ఆరేళ్ళు ఎగ్గొట్టాను, పైకొచ్చాక తీరుస్తాలే" అంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి.

ఎలా వెళ్ళామో అడగవేం? తేలులో. అవును, నేనే నడిపాను. నాన్న ఎప్పుడూ తాళం చేతికివ్వలేదు, "నీ కాలికి ఈ క్లచ్ ఆగదే" అనేవాడు. బాగానే ఆగింది. మొదట రెండుసార్లు గుంజి గుంజి ఆగిపోయింది, పిన్ని శిలువ గీసుకుంది. మలుపు దాటి మూడో గేరు వేశాక చూడాలి. ఎంత పొట్టి బండో అంత పొగరు. ద్రాక్షతోటల పక్కనుంచి పోతుంటే లైసెన్సు తీసుకున్న ఇన్నేళ్ళలో మొదటిసారి కారు నడిపినట్టు అనిపించింది. నాన్నకు ఇందులో ఏం కనపడిందో కాస్త తెలిసింది.

ఇంటికొచ్చాక ఇంజిన్ ఆపకుండా కూర్చున్నాను. పిన్ని కూడా కూర్చుంది. "చల్లారిందంటావా?" అని అడుగుతుంది, "ఇంకాస్త" అంటాను. ఇప్పుడు రోజూ అలాగే చేస్తున్నాను.

గార్బెరోకి వద్దని చెప్పాను. ఆయిల్ ఎప్పుడు మార్చాలి? కుడివైపు కార్పెట్ కింద కాస్త ఎర్రపొడి రాలుతోంది, అది తుప్పేనా? ఈస్టర్‌కి తప్పకుండా రా. కారు మాత్రం ఇస్తానని ఇప్పుడు మాటివ్వలేను.

అక్క,
విల్మా


అంకోనా,
6 ఏప్రిల్

అక్కా,

ఈస్టర్‌కి రాలేను. ఒక ఓడ షాఫ్టు విప్పి పెట్టారు, సెలవులు లేవు.

అది తుప్పే. గీకి, మందు పూయించి, పైన రంగు వేయించు, ఆలస్యం చెయ్యకు. ఆయిల్ ఇప్పుడే మార్చించు, ఎంతకాలం నుంచి ఉందో తెలియదు. ప్లగ్గులు కూడా. పెట్రోలు గొట్టాలు రబ్బరువి, వేలితో నొక్కితే పగుళ్ళు కనబడతాయి, అవి మార్చకుండా దూరం వెళ్ళకు. స్పేర్లు కొత్తవి దొరకవు. తుక్కు అంగళ్ళలో వెతకాలి, ఈ బండివే అని ఏదో ఒకటి అంటగడతారు, చూసి కొను.

ఇంకో మాట. ఇంజిన్ అలా ఆన్‌లో ఉంచి కూర్చోవడం ఇప్పుడంత అవసరం లేదు. అప్పట్లో ఆయిళ్ళు నాసిరకం. ఇప్పుడొచ్చేవి మంచివి. రాగానే ఆపేసినా ఏమీ కాదు. ఊరికే పెట్రోలు ఖర్చు, పొగ. కూర్చోకు.

పిన్నికి నా ఉత్తరాలు చూపించకు అక్కా. అవి నీకోసం రాసినవి.

లివియో


కనెల్లి,
17 ఏప్రిల్

లివియో,

ఈస్టర్ నాడు నీ కోసం మేకపిల్ల మాంసం వండి, నేనూ పిన్నీ రెండురోజులు తిన్నాం. ఓడను తిట్టుకుంటూ తిన్నాం.

ఆయిల్, ప్లగ్గులు, గొట్టాలు అన్నీ మార్పించాను. తుప్పుకు రంగు వేయించాను. నాన్నకు మందుల కోసం పరిగెత్తినట్టే దీని చుట్టూ పరిగెడుతున్నాను. కాకపోతే ఇది చీదరించుకోదు.

కూర్చోవడం మాత్రం మానను. కొత్త ఆయిలైనా, పాత ఆయిలైనా. నాన్న చల్లార్చాడు, నేనూ చల్లారుస్తాను. నిజం చెప్పనా, ఆ కాసేపు ఆయన పక్కసీట్లో ఉన్నట్టే ఉంటుంది. అప్పుడు అడగనివన్నీ ఇప్పుడు అడుగుతున్నాను.

వచ్చేనెల ఒక ఆదివారం నిజ్జా ఊళ్ళో పాత కార్ల ప్రదర్శన. గార్బెరో పిలిచాడు, మనసు మారుతుందేమో అని ఆయన ఆశ. పిన్ని కొత్త టోపీ కొంది. నేనూ తేలునూ పిన్నీ వెళ్తున్నాం. నాన్న పేరు చెప్పుకుని వస్తాం.

విల్మా


కనెల్లి,
13 మే

లివియో,

నిన్న నిజ్జా వెళ్ళాం. పిన్ని శనగపిండి అట్లమ్మే బండి దగ్గర వరసలో నిలబడింది. ఆ ఒక్క అదృష్టం మాత్రం మిగిలింది.

ఊరి మధ్య చౌకు నిండా మన తేలులాంటివే ఎనిమిదో తొమ్మిదో. నేను నాలుగోదాని పక్కన ఆపి, రోజూలాగే ఇంజిన్ ఆన్‌లో ఉంచి కూర్చున్నాను. గార్బెరో వచ్చి కిటికీ మీద కొట్టాడు. "ఏంటి మేడం, ఆపరేం? పెట్రోలు మీకు ఊరికే పోస్తున్నారా?" అన్నాడు. నేను గొప్పగా చెప్పాను, టర్బో చల్లారాలి డాక్టరుగారూ, మా నాన్న పదిహేడేళ్ళూ ఇలాగే చూసుకున్నాడు అని. ఆయన నా వైపు చూశాడు. తరవాత పక్కవాళ్ళను పిలిచాడు. "ఇటు రండయ్యా, మేడంగారి బండికి టర్బో ఉందట."

అందరూ పోగయ్యారు. బానెట్ ఎత్తారు. ఒకడు టార్చి వేసి వెతికాడు, "ఇల్లు వదిలి పోయినట్టుంది పాపం" అన్నాడు. చౌకంతా నవ్వింది. చివరికి గార్బెరోకే జాలేసింది. "మేడం, ఈ మోడల్‌కి టర్బో పెట్టనే లేదు. ఇది మామూలు కార్బురేటర్ ఇంజిను. వచ్చి తాళం తిప్పితే అయిపోయె. ఎవరు చెప్పారు మీకు?" అన్నాడు.

మా తమ్ముడు, మెకానిక్కు అని చెప్పాలా? 

నువ్వు పదహారేళ్ళకే ఇంజిన్లు విప్పి బిగించినవాడివి. తెలియక రాశావని నేను నమ్మాలా? కారు గార్బెరోకి పోకుండా ఆపడానికి నువ్వు నాకు అమ్మిన బిరడా ఇది. పైగా "పైన మీ అమ్మ పాస్తా వేసేసి ఉంటుందిరా" అని నాన్న నోట్లో మాట కూడా పెట్టావు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను రెండు నెలలు నిద్రపోయాను. తేలుకు పెత్తనమిస్తే తెల్లవార్లూ కుట్టిందట. నాన్న గురించి చెప్పే పెత్తనం నీకిచ్చాను చూడు, నాది బుద్ధి తక్కువ.

ఇప్పుడు నిజం రాయి. ఆయన ఎందుకు కూర్చునేవాడు? నీకు తెలుసు. పక్కన కూర్చున్నది నువ్వు.

విల్మా


అంకోనా,
24 మే

అక్కా,

అబద్ధమే. కారు కోసం ఆడాను, నువ్వన్నది నిజం. నీ ఉత్తరంలో అమ్మ సంగతి చదివాక నీ కోసం కూడా ఆడాను. ఏది ఎంతో నాకే తెలియదు, అడగకు. పిన్ని దగ్గరికి వెళ్తావని అనుకోలేదు. నువ్వు శ్మశానానికెళ్ళి వచ్చానని రాశాక వెనక్కి తీసుకోవడం నా వల్ల కాలేదు. కొత్త ఆయిల్ సాకు పెట్టి నీ చేత మాన్పిద్దామని చూశాను.

నాన్న పాస్తా మాట అనలేదు. వేళ్ళతో స్టీరింగు మీద కొట్టుకోలేదు. కదలకుండా కూర్చునేవాడు.

నా చిన్నప్పుడు అడిగితే, "ఇంజిన్ చల్లారాలిరా" అనేవాడు. నేను నమ్మాను. తరవాత సాంకేతిక పాఠశాలలో చేరాను కదా, అక్కడ తెలిసింది ఈ ఇంజిన్‌కి అలాంటిదేమీ అక్కర్లేదని. పెద్ద మొనగాడిలా ఆ సాయంత్రమే కారులో చెప్పాను, "నాన్నా, దీన్ని చల్లార్చక్కర్లేదు, వెంటనే ఆపేయొచ్చు" అని. కోప్పడతాడనుకున్నాను. పడలేదు.

"నాకు తెలుసురా" అన్నాడు.

కాసేపటికి, నేనడక్కుండానే చెప్పాడు. "పొద్దున్నుంచీ అందరికీ బిరడాలవాణ్ణి. పైకెళ్తే దాని మొగుణ్ణి, మీ నాన్నను. మధ్యలో ఈ కాసేపే నేనెవరికీ ఏమీ కాను. మీ అమ్మతో అనకు." నేను అనలేదు. పైన కిటికీలో అమ్మ గిన్నె పట్టుకుని ఇటూ అటూ తిరుగుతూ కనపడేది. బాల్కనీలో నువ్వు. ఆయన మీ ఇద్దరినీ చూస్తూనే కూర్చునేవాడు, చూడలేక కాదు. దిగాలనిపించేది కాదు, అంతే. ఇంతకంటే కారణం ఆయన చెప్పలేదు. ఉంటే నేను నీకు చెప్పేవాణ్ణి.

కారు గార్బెరోకి ఇచ్చెయ్యి. నాకు వద్దు, వాటా కూడా వద్దు. తిట్టాలనుకుంటే ఫోన్ చెయ్యి, వింటాను.

లివియో


కనెల్లి,
12 జూన్

లివియో,

ఫోన్ చెయ్యను.

మన మీద ఆయనకు కోపమేమో, ద్వేషమేమో అని ఇన్నాళ్ళూ ఏడ్చాను. అదైనా బాగుండేది. ద్వేషించడానికైనా మనం మనసులో ఉండాలి. దిగాలనిపించేది కాదు, అంతే అన్నావు. ఆ "అంతే"ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియడం లేదు.

గార్బెరోని రమ్మని కబురు పెట్టాను. ఆయన రాకముందు పిన్ని వచ్చింది. ఆదివారం కదా, టోపీ పెట్టుకుని, పూలు పట్టుకుని, తిన్నగా వెళ్ళి తేలులో కూర్చుంది. "అమ్ముతున్నావటగా, ఊళ్ళో అనుకుంటున్నారు. నీకేమైనా మతిపోయిందా? మీ నాన్న ఇంట్లోవాళ్ళ చేత మాటలు పడి మరీ కాపాడుకున్న బండి" అంది. మొన్న నిజ్జాలో ఆవిడ అట్ల దగ్గరే ఉండిపోయింది, ఏమీ వినలేదు. నీకు అరవై ఐదేళ్ళొచ్చాక, ఆరేళ్ళ పగ దింపుకుని, చచ్చిపోయిన బావతో వారం వారం కబుర్లు చెప్పుకుంటుంటే, అవన్నీ అబద్ధమని ఎవరైనా వచ్చి చెప్తే నీకెలా ఉంటుంది? నేను చెప్పలేకపోయాను. గార్బెరోని గుమ్మంలోంచే తిప్పి పంపాను. శ్మశానంలో పిన్ని పక్కన తేలు కుట్టిన దొంగలా నిలబడి దణ్ణం పెట్టుకున్నాను.

నిన్న సాయంత్రం పిన్ని మా ఇంట్లోనే ఉంది, తను వంట చేస్తానంది. షాపు కట్టేసి కారులో వచ్చాను. వాకిట్లోకి రాగానే వంటింటి కిటికీలో ఆవిడ పాస్తా వేయడం కనపడింది. తాళం తిప్పి ఆపెయ్యాలనే చెయ్యి పెట్టాను. పైకెళ్తే ఆవిడ నాన్న సంగతి ఎత్తుతుంది, నేను అవును పిన్నీ, అవును పిన్నీ అనాలి. చెయ్యి తీసేశాను. ఇంజిన్ అలాగే తిరుగుతూ ఉంది. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. దిగాలనిపించలేదు.

పైకెళ్ళేసరికి పాస్తా గంజైపోయింది. "ఫర్వాలేదులేవే, తేలు చల్లారొద్దూ" అంది పిన్ని, గరిటెతో వడ్డిస్తూ. నేను మాట్లాడకుండా తిన్నాను.

కారు ఉంటుంది. అమ్మితే ఆవిడకు కారణం చెప్పాలి, ఆవిడ ఉన్నంతకాలం దీన్ని నడుపుతూ ఉండాలి. బ్యాటరీ బలహీనపడింది, చలికాలం లోపు మార్చాలట. ఏది కొనాలో రాయి. అది తప్ప ఇంకేమీ రాయకు.

విల్మా